రేడియేటరు మూత చరిత్రము

వైశాఖ మాసపు మధ్యాహ్నవేళ, 216వ నంబరు జాతీయ రహదారి మీద చెడి నిలిచిన రొయ్యల లారీని గొలుసుతో కట్టి, నరసాపురపు షెడ్డు వైపునకు లాగుకొని వచ్చుచున్న డీసెలు లారీని చూచువారికి దాని చక్రముల ప్రయాస గోచరించునే గాని, ఆ ప్రయాసలో పుట్టు ఉష్ణమును అనుక్షణము మోసికొనిపోవుచున్న నీటి సంగతి స్ఫురింపదు. కాలిన డీసెలునందలి శక్తిలో నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వరకు ఆ నీటిలోనికే చేరును. డెల్టాభూమి సమతలమే యైనను, రెండు బండ్ల బరువును ఒక్క ఇంజను ఈడ్వవలసి వచ్చినపుడు ఉష్ణము హెచ్చును; వేగము మందగించుటచే ఎదురుగాలి తగ్గును; భారమంతయు ఫ్యాను మీదను, నీటి మీదను, ఆ నీటిని అదిమిపట్టు మూత మీదను పడును.

1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రముల బండిలో నీరు మరిగి ఆవిరియై పోవుచుండగా మరల మరల నింపుకొనవలసి యుండెను. 1901 నాటి మెర్సిడెస్ కారునకు విల్హెల్మ్ మైబాఖ్ 8,070 సన్నని గొట్టములను కూర్చి తేనెపట్టు రేడియేటరును నిర్మించిన పిమ్మట కొద్దిపాటి నీటితోనే నడుపుట సాధ్యమయ్యెను. ఆ రెండు వంశములును 1926లో ఏకమై ఏర్పడిన డైమ్లర్-బెంజ్ సంస్థతో కూడి, టాటావారు 1954లో జంషెడ్‌పురమున లారీలు చేయ నారంభించిరి. అయినను రేడియేటరు ఎంత గొప్పదైనను, తెరచియున్న నీరు 100 డిగ్రీల వద్ద మరుగక మానదు.

మూసిన పాత్రలో పీడనము పెరిగిన కొలది మరుగు స్థానమును పెరుగునని డెనిస్ పాపిన్ 1679లోనే తన పాత్రతో నిరూపించియుండెను. మన యిండ్లలోని ప్రెషర్ కుక్కరు దాని సంతతియే. చదరపు అంగుళమునకు 15 పౌనుల పీడనమును నిలుపు మూత క్రింద నీరు ఇంచుమించు 120 డిగ్రీల వరకు మరుగదు. పీడనము మితిమీరినచో స్ప్రింగు లేచి నీటిని ప్రక్క డబ్బాలోనికి విడుచును. ఇంజను చల్లారినపుడు మూతలోని మరియొక చిన్న కవాటము ఆ నీటినే తిరిగి లోనికి రానిచ్చును.

డీసెలు ఇంజనునకు ఈ పీడనము వలన వేరొక రక్షణము గలదు. నా దృష్టిలో ఇదియే ముఖ్యమైనది. ప్రతి దహనాఘాతమునకును సిలిండరు లైనరు కంపించును; ఆ కంపనమున దాని వెలుపలి గోడ నంటియున్న నీటిలో సూక్ష్మమైన ఆవిరి బుడగలు పుట్టి, తత్‌క్షణమే చితికి, లోహమును కణము కణముగా పెకలించును. కాలక్రమమున గోడకు రంధ్రము పడి నీరు సిలిండరులోనికి దిగవచ్చును. పీడనము నిలిచియున్నచో బుడగలు పుట్టుటయే తగ్గును. కావున మూత వదులైన లారీ, నీరు మరుగకున్నను, లోలోపల క్షీణించుచునే యుండును.

దీనికి పరీక్ష సులభము. ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మట మూత తీసి, ఆ చోట గేజి గల చేతిపంపును బిగించి, మూతపై ముద్రించిన పీడనము వరకు గాలి కొట్టి, కొన్ని నిమిషముల సేపు ముల్లును గమనింపవలెను. ముల్లు దిగినచో హోసు పైపులను, క్లిప్పులను, వాటర్ పంపును, రేడియేటరు అతుకులను వెదకవలెను. వెలుపల ఎచటను తడి కనబడనిచో హెడ్ గాస్కెట్టునో లైనరునో శంకింపవలెను. మూతను సైతము వేరుగా అదే పంపుతో పరీక్షించుట మరువరాదు.

లారీ సోదరులారా! ఈ సముద్రతీరమున దొరకు ఉప్పు బోరునీటిని రేడియేటరులో పోయకుడు. అది లోహమును తినివేయును. వేడి ఇంజను మూతను తీయకుడు. పీడనము తొలగిన మరుక్షణమే నీరు ఆవిరియై ముఖము మీదికి చిమ్మును. మరొక బండిని లాగుటకు బయలుదేరు ముందు, ఒక్కమారు ఆ పంపు బిగించి ముల్లు చూచుకొనుడు.