టార్గెట్ పిస్టల్ కొంటున్నారా? బ్రాండ్ పేరు కాదు.. ముందు చూడాల్సినవి ఇవే!

కోరుట్లలోనో, జగిత్యాలలోనో ఇలాంటి ఇల్లు ఒకటి ఊహించుకోండి. తండ్రి దుబాయ్‌లో పని చేస్తుంటాడు. కూతురు హైదరాబాద్‌లో చదువుకుంటూ షూటింగ్ రేంజ్‌కు వెళ్తోంది. ఇన్నాళ్లూ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్. ఇప్పుడు 25 మీటర్ల ఈవెంట్‌లోకి మారాలనుకుంటోంది. సొంత పిస్టల్ ఉంటే బాగుంటుందని ఇంట్లో మాట నడుస్తోంది. ధర లక్షల్లో ఉంది. తండ్రికి అది ఎన్నో నెలల కష్టం. తెలిసిన వాళ్లెవరో "ఇది మంచి కంపెనీది, కళ్లు మూసుకుని కొనెయ్యండి" అంటున్నారు.

సరిగ్గా ఇక్కడే కళ్లు తెరుచుకుని చూడాలి. ఎందుకంటే టార్గెట్ పిస్టల్ విలువ దాని మీద ఉన్న పేరులో కన్నా, ప్రతిసారీ ఒకేలా పనిచేయడంలో ఉంటుంది. ఆ తర్వాత చేతికి సరిపోవడంలో, చివరగా కాగితాల్లో ఉంటుంది. ఈ మూడింటిలో ఏది తప్పినా పెట్టిన డబ్బు మట్టిపాలే.

ఈషా సింగ్ దారి ఇదే

ఈ ఆటలో తెలంగాణకు ఇప్పుడు పెద్ద పేరే ఉంది. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో 13 ఏళ్లకే జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. 25 మీటర్ల పిస్టల్ టీమ్‌లో స్వర్ణం, అదే ఈవెంట్ వ్యక్తిగత విభాగంలో రజతం, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో మరో రెండు రజతాలు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 25 మీటర్ల ఈవెంట్‌లోనే బరిలోకి దిగింది.

ఆమెను చూసి జిల్లాల్లోనూ పిల్లలు ఈ ఆటవైపు చూస్తున్నారు. కానీ జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతంలో తుపాకీ అనే మాటకు వేరే చరిత్ర ఉంది. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అదే ఏడాది అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. తర్వాత చాలా ఏళ్లు ఇక్కడి ఊళ్లు తుపాకుల చప్పుడు మధ్యే గడిపాయి. అందుకే పెద్దవాళ్లు ఆట కోసం పిస్టల్ అన్నా ఉలిక్కిపడతారు. ఆ భయం పోవాలంటే ఇది ఏ వస్తువో, ఎలా పనిచేస్తుందో, చట్టం ఏమంటుందో ముందు తెలియాలి.

సెమీ ఆటోమేటిక్ అంటే ఏంటి?

పేరు వినగానే సినిమాల్లో గుళ్ల వర్షం కురిపించే తుపాకీ గుర్తొస్తుంది. కానీ ఇది అది కాదు. ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే ఒక్క గుండే వెళ్తుంది. గుండు పేలినప్పుడు వచ్చే ఒత్తిడికి లోపలి బోల్ట్ వెనక్కి జరుగుతుంది. ఖాళీ తూటా బయట పడుతుంది. స్ప్రింగ్ మళ్లీ బోల్ట్‌ను ముందుకు తోస్తే మ్యాగజైన్‌లోంచి కొత్త తూటా ఎక్కుతుంది. షూటర్ మళ్లీ చేత్తో లోడ్ చేయక్కర్లేదు. అంతే తేడా.

అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య రూల్స్ ప్రకారం మహిళల 25 మీటర్ల ఈవెంట్‌లో వాడేది .22 కాలిబర్ పిస్టల్. బరువు 1400 గ్రాములు దాటకూడదు. బ్యారెల్ పొడవు 153 మిల్లీమీటర్లకు మించకూడదు. ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాముల బరువును ఆపాలి. మొత్తం 60 షాట్లు. మొదటి 30 నెమ్మదిగా గురిపెట్టి కొట్టేవి. మిగతా 30 ర్యాపిడ్. టార్గెట్ 3 సెకన్లు మాత్రమే కనిపిస్తుంది. కిందికి దించి ఉంచిన చేతిని ఆ 3 సెకన్లలోనే లేపి, గురి చూసి, ఒక్క షాట్ కొట్టాలి. 7 సెకన్లు విరామం. మళ్లీ 3 సెకన్లు. ఇలా ఐదుసార్లు కొడితే ఒక సిరీస్.

ఆ 3 సెకన్లలో పిస్టల్ ఒక్కసారి మొరాయించినా అప్పటిదాకా పడ్డ కష్టం ప్రమాదంలో పడుతుంది.

టోక్యోలో మను బాకర్‌కు ఏమైంది?

పరికరం ఎంత ముఖ్యమో దేశమంతా చూసింది 2021 జులై 25న. టోక్యో ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో మను బాకర్ పిస్టల్‌లో లోపం వచ్చింది. సరిచేసుకుని వచ్చేసరికి విలువైన నిమిషాలు పోయాయి. ఆమె 575 పాయింట్లతో 12వ స్థానంలో నిలిచింది. ఫైనల్ రెండు పాయింట్ల తేడాతో చేజారింది. మూడేళ్ల తర్వాత పారిస్‌లో అదే మను రెండు కాంస్యాలు గెలిచింది.

అది ఎయిర్ పిస్టల్, సెమీ ఆటోమేటిక్ కాదు. కానీ పాఠం రెండింటికీ ఒకటే. ప్రపంచంలోనే మేటి షూటర్ చేతిలో ఉన్నదైనా యంత్రం యంత్రమే. చిన్న భాగం చాలు, పెద్ద కల ఆగిపోవడానికి.

మగ్గం చూసినట్టే చూడాలి

సిరిసిల్లలో పాత మరమగ్గం కొనేవాళ్లు దాని రంగు చూసి బేరమాడరు. నడిపించి చూస్తారు. దారం ఎన్నిసార్లు తెగుతోంది, ఏ భాగం అరిగింది, స్పేర్ పార్ట్ ఎక్కడ దొరుకుతుంది అని అడుగుతారు. పిస్టల్ విషయంలోనూ అచ్చం అంతే. ఈ పరీక్షలన్నీ లైసెన్స్ ఉన్న రేంజ్‌లో, కోచ్ పక్కన ఉండగానే చేయాలి. ఇంట్లో కాదు.

1. ట్రిగ్గర్: మొట్టమొదట చూడాల్సింది ఇదే. 1000 గ్రాముల తూకం వేలాడదీసి ఎత్తితే ట్రిగ్గర్ పడిపోకూడదు. పోటీకి ముందు అధికారులు కూడా ఇలాగే చూస్తారు. పడిపోతే ఆ పిస్టల్‌తో బరిలోకి దిగనివ్వరు. బరువొక్కటే చాలదు. నొక్కుతున్నప్పుడు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ పడుతుందో ప్రతిసారీ వేలికి ఒకేలా తెలియాలి. పదిసార్లు నొక్కితే పదిసార్లూ ఒకేలా ఉండాలి. ఒకసారి తేలిగ్గా, ఒకసారి గరగరమంటూ ఉంటే వదిలేయండి. పాత యజమాని లోపల అరగదీసి ట్రిగ్గర్ తేలిక చేసిన పిస్టల్ మరీ ప్రమాదం.

2. గ్రిప్: టార్గెట్ పిస్టల్ గ్రిప్ చేతి ఆకారంలో చెక్కి ఉంటుంది. కుడి చేతివాటానికి వేరు, ఎడమ చేతివాటానికి వేరు. సైజులు కూడా వేరే. కళ్లు మూసుకుని చేయి లేపి, తెరిచి చూస్తే ముందు సైట్ వెనక సైట్ మధ్యలో దానంతటదే కనిపించాలి. ప్రతిసారీ మణికట్టు తిప్పి సర్దుకోవాల్సి వస్తే గ్రిప్ సరిపోలేదని అర్థం. 15 ఏళ్ల అమ్మాయి చేయి, పాత యజమాని చేయి ఒకటి కావు. గ్రిప్ మార్చుకోవచ్చు. కానీ ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి బేరమాడాలి.

3. సైట్లు: వెనక సైట్ స్క్రూ తిప్పితే క్లిక్ క్లిక్‌మని ఆగాలి. పది క్లిక్కులు పైకి, మళ్లీ పది కిందికి తిప్పి కొడితే గుళ్లు మొదటి చోటుకే రావాలి. రాకపోతే స్క్రూ వదులైనట్టు. అలాంటి సైట్‌తో గురి తప్పు ఎవరిదో, పిస్టల్‌దో షూటర్‌దో, ఎప్పటికీ తేలదు.

4. గ్రూప్: పిస్టల్‌ను కదలకుండా ఆనించి 25 మీటర్ల నుంచి ఐదేసి షాట్లు కొట్టించాలి. 25 మీటర్ల ప్రిసిషన్ టార్గెట్‌లో 10 పాయింట్ల వలయం వ్యాసం 50 మిల్లీమీటర్లు. మంచి పిస్టల్ గుళ్లన్నీ దానికన్నా బాగా చిన్న చోట పడాలి. ఎక్కడ పడ్డాయన్నది కాదు, ఎంత దగ్గర దగ్గరగా పడ్డాయన్నదే లెక్క. చోటు మార్చడానికి సైట్లు ఉన్నాయి. చెదిరిన గ్రూప్‌ను ఏ సైటూ కలపలేదు. ఒక్క రకం తూటాలతోనే తేల్చేయొద్దు. ఒకే పిస్టల్ ఒక కంపెనీ తూటాతో బాగా కొట్టి, ఇంకోదానితో చెదరొచ్చు.

5. ఆగకుండా పనిచేయడం: వరుసగా కనీసం వంద, రెండొందల తూటాలు కొట్టించండి. ఖాళీ తూటా ఇరుక్కుపోతోందా? కొత్తది ఎక్కడం లేదా? ఒక్కో మ్యాగజైన్‌నూ విడిగా పరీక్షించండి. చాలాసార్లు లోపం పిస్టల్‌లో ఉండదు. మ్యాగజైన్ పై అంచు వంగడమే కారణమవుతుంది. మ్యాగజైన్ మార్చగానే సమస్య పోతే బతికిపోయినట్టే. అన్నింటితోనూ ఆగుతుంటే బోల్ట్, ఎక్స్‌ట్రాక్టర్, స్ప్రింగ్‌ల మీద అనుమానం పెట్టుకోవాలి.

సెకండ్ హ్యాండ్ అయితే..

పాత పిస్టల్ అంటే చెడ్డదని కాదు. దేశంలోకి దిగుమతులు అందరికీ వీలుకావు కాబట్టి బాగా చూసుకున్న పాత పిస్టల్‌కు మంచి ధరే పలుకుతుంది. అయితే ఎన్ని వేల తూటాలు కొట్టిందో అడగాలి. స్ప్రింగ్‌లు, బఫర్ చివరిసారి ఎప్పుడు మార్చారో అడగాలి. ఫ్రేమ్ మీద సన్నని పగుళ్లున్నాయేమో లైట్ వేసి చూడాలి. తూటా లేకుండా ట్రిగ్గర్ పదే పదే నొక్కితే .22 తుపాకుల్లో కొన్నింటికి ఛాంబర్ అంచు దెబ్బతింటుంది. అక్కడ నొక్కు గుర్తు కనిపిస్తోందేమో కోచ్‌తో చూపించాలి.

ఇంకో ముఖ్యమైన ప్రశ్న, స్పేర్ పార్ట్‌లు దొరుకుతాయా? తయారీ ఆగిపోయిన మోడల్ తక్కువ ధరకు వస్తుంది. ఫైరింగ్ పిన్ ఒక్కటి విరిగితే నెలల తరబడి బీరువాలోనే ఉంటుంది. ఒరిజినల్ పెట్టె, అదనపు మ్యాగజైన్‌లు, టూల్స్, ఫ్యాక్టరీ టెస్ట్ టార్గెట్ ఉంటే విలువ పెరుగుతుంది. మెరుపు, చెక్కుడు పని, "ఫలానా ఛాంపియన్ వాడాడు" అన్న మాట.. వీటికి స్కోర్‌తో సంబంధం లేదు.

కాగితాలు లేకపోతే విలువ సున్నా

ఇక అసలు విషయం. .22 పిస్టల్ ఫైర్ ఆర్మ్. ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్స్ లేకుండా ఇంట్లో పెట్టుకోవడమే నేరం, జైలుశిక్ష పడుతుంది. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో దరఖాస్తు జిల్లా మేజిస్ట్రేట్‌గా ఉన్న కలెక్టర్ దగ్గరికి వెళ్తుంది. పోలీసు విచారణ తర్వాతే నిర్ణయం. 21 ఏళ్లు నిండనివాళ్లకు మామూలుగా లైసెన్స్ ఇవ్వరు. చిన్న వయసు షూటర్లు శిక్షణ కోసం వాడేందుకు వేరే నిబంధనలున్నాయి. కాబట్టి ముందు డబ్బులిచ్చి తర్వాత లైసెన్స్ సంగతి చూద్దాం అనుకోకూడదు.

అమ్మే వ్యక్తి లైసెన్స్‌లో ఉన్న సీరియల్ నంబర్, పిస్టల్ మీద ఉన్న నంబర్ ఒకటేనా అని అంకె అంకె పోల్చాలి. చెరిపినట్టు కనిపిస్తే అక్కడినుంచి లేచి వచ్చేయాలి. అమ్మేవాళ్లు ముందుగా జిల్లా మేజిస్ట్రేట్‌కు లేదా పోలీసులకు రాతపూర్వకంగా తెలిపి, 45 రోజులు ఆగిన తర్వాతే ఆయుధం చేతులు మారాలి. "ఇప్పుడు తీసుకెళ్లండి, కాగితాలు తర్వాత" అంటే అది బేరం కాదు, ఉచ్చు.

గల్ఫ్ నుంచి వచ్చేటప్పుడు సామానులో తెచ్చేయొచ్చు అనే ఆలోచన అసలే వద్దు. విదేశీ పిస్టల్ దిగుమతికి నిర్దేశించిన స్కోర్లు సాధించిన షూటర్లకు, జాతీయ రైఫిల్ అసోసియేషన్ సిఫార్సు ద్వారా దారి ఉంది. అలా తెచ్చుకున్న దాన్ని కూడా ఎవరికి పడితే వాళ్లకు అమ్మడానికి వీల్లేదు.

మరి మొదట ఏం కొనాలి?

ఆట మొదలుపెట్టేవాళ్లకు 10 మీటర్ల ఎయిర్ పిస్టలే సరైన దారి. కాలిబర్ .177 దాటకుండా, శక్తి 20 జౌల్స్ లోపు ఉండే ఎయిర్ పిస్టల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. పైన చెప్పిన ట్రిగ్గర్, గ్రిప్, సైట్ పరీక్షలు దానికీ వర్తిస్తాయి. కాకపోతే దాని ట్రిగ్గర్ లెక్క 500 గ్రాములు. పట్టు, ఊపిరి, గురి అక్కడే అలవాటవుతాయి. 25 మీటర్లకు మారాక కొన్నాళ్లు రేంజ్ లేదా అకాడమీ పిస్టల్‌తోనే సాధన చేసి, చేతికి ఏది నప్పుతుందో తెలిశాక కొనడం మేలు.

బడ్జెట్ వేసేటప్పుడు పిస్టల్ ధరతోనే ఆగొద్దు. రోజుకు వంద తూటాల చొప్పున వారానికి ఐదు రోజులు కొడితే 500 తూటాలు. నెలకు రెండు వేలు. ఎన్ని కొనొచ్చో లైసెన్స్‌లోనే పరిమితి రాసి ఉంటుంది. దీనికి హైదరాబాద్ రాకపోకలు, కోచ్ ఫీజు, సర్వీసింగ్ కలపండి. ఇంట్లో ఉంచాల్సి వస్తే ఖాళీ పిస్టల్ ఒక తాళంలో, తూటాలు వేరే తాళంలో ఉండాలి. తాళంచెవి పిల్లల చేతికి అందకూడదు.

అన్నీ లెక్కేశాక కొందరికి ఇప్పుడే కొనక్కర్లేదని తేలొచ్చు. అదీ మంచి నిర్ణయమే. దుబాయ్ నుంచి తండ్రి పంపిన డబ్బు మెరిసే పిస్టల్ రూపంలో బీరువాలో ఉండటం కన్నా, ఇంకో ఏడాది సాధన రూపంలో కూతురి చేతిలో ఉండటమే ఎక్కువ విలువ.