బాంబూఫ్లాట్ మన ఏరియాలోకి వస్తుందా?

అండమాన్‌లోని చాతం జెట్టీలో నిలబడితే నీళ్ళకు అవతల బాంబూఫ్లాట్ కనిపిస్తూనే ఉంటుంది. మధ్యలో సముద్రం సుమారు రెండు కిలోమీటర్లు. బండ్లను కూడా ఎక్కించుకునే ఫెర్రీ అందితే ఇరవై నిమిషాల్లోపే అవతలి ఒడ్డు. ఫెర్రీ లేదంటే మాత్రం ఫెరార్‌గంజ్ మీదుగా చుట్టు తిరిగి రోడ్డున పోవాలి, నలభై కిలోమీటర్లకు పైమాటే.

ఇలాంటి ఊళ్ళో ఏసీలు బాగుచేసే కుర్రాడొకడు తన వెబ్‌సైట్‌లో 'మేము వచ్చే ప్రాంతం' అని ఒక మ్యాపు పెట్టుకున్నాడు. చాతం మధ్యలో చుక్క, దాని చుట్టూ ఐదు కిలోమీటర్ల నీలం వృత్తం. దాన్ని సాయంత్రం కంప్యూటర్ తరగతిలో తెర మీద వేసి చూపించాను. అండమాన్ నికోబార్ దీవుల్లో 2011 జనగణన ప్రకారం పదమూడు శాతం మంది తెలుగువాళ్ళే కాబట్టి నా తరగతిలో సందేహాలు తెలుగులోనూ వస్తాయి. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి అడిగింది: "సార్, ఇందులో చాలా భాగం సముద్రమే కదా? మా బాంబూఫ్లాట్ గుండ్రం లోపల ఉంది, మా పిన్నివాళ్ళ గారాచర్మ బయట ఉంది. కానీ ఆయన గారాచర్మకు రోజూ వెళ్తాడు. మా ఇంటికి ఆఖరి బోటు వెళ్ళిపోయాక రమ్మంటే వస్తాడా?"

ఆ ప్రశ్న వేసిన పిల్లకు నేను రుణపడి ఉన్నాను. సర్వీస్ ఏరియా మ్యాపు అనే పరికరం పుట్టుకంతా అందులోనే ఉంది. వృత్తం చెప్పేది కాకి ఎగిరే దూరం. మెకానిక్ కాకి కాదు, స్కూటరు మీద టూల్‌బ్యాగు పెట్టుకుని రోడ్డు వెంట వెళ్ళే మనిషి. అతని పరిధి ఎంతో తేల్చాలంటే దూరం అడగకూడదు, కాలం అడగాలి: అరగంటలో ఎక్కడెక్కడికి చేరగలడు?

ఇలా ఆలోచించినవాళ్ళలో నాకు అందరికంటే ఇష్టమైనవాడు లండన్ వైద్యుడు జాన్ స్నో. 1854లో సోహో ప్రాంతంలో కలరా విజృంభించినప్పుడు బ్రాడ్ వీధి పంపు నీళ్ళే కారణమని ఆయన అనుమానించాడు. చావులను గీతలుగా గుర్తుపెట్టిన ఆయన మ్యాపు సంగతి పాఠ్యపుస్తకాల్లో చదివినవాళ్ళు చాలామందే ఉంటారు. అంతగా ప్రచారం కానిది ఆ తర్వాత ఆయన సవరించి గీసిన మ్యాపు. అందులో పంపు చుట్టూ ఒక చుక్కల గీత ఉంటుంది. ఆ గీత మీద ఎక్కడ నిలబడినా, వీధుల వెంట నడిస్తే బ్రాడ్ వీధి పంపూ దాని పొరుగు పంపూ సమాన దూరంలో ఉంటాయి. గీత లోపలి ఇళ్ళకు బ్రాడ్ వీధి పంపే దగ్గర. స్నో అక్కడ స్కేలు పెట్టి వృత్తం గీయలేదు, సందులూ మలుపులూ కొలుచుకుంటూ పోయాడు. అందుకే ఆ గీత వంకరటింకరగా ఉంటుంది. నా లెక్కలో ప్రపంచంలో మొదటి నిజాయితీ గల సర్వీస్ ఏరియా మ్యాపు అదే. అందించింది కలరా కావడం ఒక్కటే విషాదం.

1881లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఇదే ఆలోచనను భూగోళం మొత్తానికి విస్తరించాడు. లండన్‌లో బయల్దేరితే పది రోజుల్లోపు చేరే చోట్లకు ఒక రంగు, ఇరవై రోజుల్లోపు వాటికి మరొకటి, అలా నలభై రోజులు దాటిన మూలల దాకా రంగులు పులిమాడు. స్టీమర్లు, రైళ్ళు నడిచే దారుల వెంట రంగులు ముందుకు పొడుచుకొచ్చాయి. అవి లేని ఎడారులూ అడవులూ దగ్గరున్నా వెనకబడ్డాయి.

ఇద్దరూ చేత్తో కొలిచారు. ఆ కొలతను యంత్రానికి అప్పగించే ఉపాయం దొరికింది 1956లో, ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక కాఫీ హోటల్ ఆరుబయట. ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా తనకు కాబోయే భార్యతో బజారంతా తిరిగి అలసిపోయి కాఫీకి కూర్చున్నాడు. ఒక ఊరి నుంచి మరో ఊరికి అతి దగ్గర దారి ఎలా కనిపెట్టాలన్న లెక్కను అక్కడే ఇరవై నిమిషాల్లో మనసులో తేల్చేశాడు. కాగితం, పెన్సిలు లేవు. అవి లేకపోవడం వల్లే ఉపాయం అంత సరళంగా కుదిరిందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. ఆర్మాక్ అనే కొత్త కంప్యూటర్ ప్రారంభోత్సవంలో జనానికి అర్థమయ్యేలా ఏదైనా చేసి చూపించాలి. ఆయన నెదర్లాండ్స్ మ్యాపు నుంచి 64 ఊళ్ళు తీసుకున్నాడు. 64 ఎందుకంటే ఒక్కో ఊరికి ఆరు బిట్ల సంఖ్య సరిపోతుంది. 1959లో అచ్చయిన వ్యాసం మూడు పేజీలు. ఇవాళ భూమ్మీద తిరిగే డెలివరీ బండ్లలో చాలావాటి వెనక ఆ మూడు పేజీలున్నాయి.

ఆ ఉపాయాన్ని మన ఊరి మీద నడిపించి చూద్దాం. నిమిషాలు ఉదాహరణ కోసం నేను వేసుకున్నవి. మెకానిక్ చాతంలో ఉన్నాడు, అక్కడ 0. వంతెన దాటితే హాడో, 4 నిమిషాలు. హాడో నుంచి డెలానిపూర్‌కు 5, జంగ్లీఘాట్‌కు 8, ఫీనిక్స్ బే మీదుగా అబర్డీన్ బజార్‌కు 14. పలక మీద రాసుకుందాం: డెలానిపూర్ 9, జంగ్లీఘాట్ 12, అబర్డీన్ 18. ఇవన్నీ ప్రస్తుతానికి తాత్కాలికం.

ఇప్పుడు నియమం ఒక్కటే. తాత్కాలిక అంకెల్లో అతి చిన్నదాన్ని తీసి ఖాయం చెయ్యి, ఆ చోటి నుంచి బయటికి పోయే దారులు చూడు. చిన్నది డెలానిపూర్, 9. ఖాయం. అక్కడి నుంచి అబర్డీన్‌కు 6 నిమిషాలే, అంటే 15. ఇంతకుముందు రాసిన 18 కొట్టేసి 15 వేస్తాం. డెలానిపూర్ నుంచి జంగ్లీఘాట్‌కు 5, మొత్తం 14. అక్కడ 12 ముందే ఉంది కనుక దాని జోలికి పోము. తర్వాత చిన్నది జంగ్లీఘాట్, 12. అది ఖాయమయ్యాక డాలీగంజ్ 19 వచ్చి చేరుతుంది. ఆపైన అబర్డీన్ 15, డాలీగంజ్ 19, దాన్ని దాటి గారాచర్మ 24. మిగిలినవాటిలో అతి చిన్న అంకే ముప్పై నిమిషాలు దాటగానే ఆపేస్తాం. వృత్తం బయట పడ్డ గారాచర్మ ఇక్కడ హాయిగా లోపలికొచ్చింది.

తరగతిలో ఎవరో ఒకరు ఇక్కడ ఆపుతారు, ఆపాలి కూడా: "చిన్నదాన్ని ఖాయం చేశాక ఇంకా దగ్గర దారి బయటపడితే?" బయటపడదు. డెలానిపూర్‌కు 9 కంటే తక్కువలో చేర్చే రహస్యపు దారి ఒకటి ఉందనుకోండి. అది ఇంకా ఖాయం కాని ఏదో ఒక చోటి గుండా రావాలి. ఖాయం కాని చోట్లన్నిటికీ ఇప్పటికే 9 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంది. అక్కడి దాకా వెళ్ళడానికే 9 పట్టాక, మళ్ళీ డెలానిపూర్ వచ్చేసరికి కాలం తగ్గుతుందా? ఏ రోడ్డూ గడియారాన్ని వెనక్కి తిప్పదు. రుజువు అంతే. గచ్చు పలకల సందుల్లో ఒకచోట పోసిన నీళ్ళు దగ్గరి సందులను ముందు తడిపి తర్వాత దూరపు వాటికి పాకినట్టు, కాలం రోడ్ల వెంట పాకుతుంది, తడిసింది మళ్ళీ పొడి కాదు. ఈ వాదం మొదటిసారి తలకెక్కినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ పలచబడలేదు.

ఇక బాంబూఫ్లాట్. రోడ్డు ఎప్పుడైనా రోడ్డే, బోటు అలా కాదు. చాతం జెట్టీ నుంచి బాంబూఫ్లాట్‌కు పట్టే కాలం అంటే బోటు కోసం ఆగే కాలం, దాటే కాలం కలిపి. దాటడానికి 18 నిమిషాలనుకుంటే, పది నిమిషాల్లో కదిలే బోటుకు మొత్తం 28. అరగంట పరిధిలో బాంబూఫ్లాట్ ఉంది. పదమూడు నిమిషాలు ఆగాల్సివస్తే 31, బాంబూఫ్లాట్ లేదు. పన్నెండు నిమిషాల దగ్గర ఒక ఊరు మొత్తం మ్యాపులోకి వచ్చి పోతూ ఉంటుంది. ఆఖరి బోటు కదిలిపోయాక తెల్లారేదాకా రాదు.

బోట్లు ఉన్నా డైక్‌స్ట్రా ఉపాయం చెడిపోదా? దానికీ ఒక షరతు చాలు: ముందు బయల్దేరినవాడు వెనక బయల్దేరినవాడి కంటే ఆలస్యంగా చేరకూడదు. ముందు వచ్చినవాడు జెట్టీలో నిలబడి అదే బోటు ఎక్కవచ్చు కనుక షరతు నెగ్గుతుంది. గణితవేత్తలు ఈ సంగతి తేల్చారు. అండమాన్ ట్రంక్ రోడ్డుకూ ఇదే లెక్క. జిర్కాటాంగ్ గేటు దగ్గర వాహనాలను నిర్ణీత వేళల్లో కాన్వాయ్‌గా కట్టి వదులుతారు. కంప్యూటర్ దృష్టిలో ఆ గేటు కూడా ఒక జెట్టీయే.

అంకెలు వచ్చాయి, గీత ఎక్కడ గీయాలి? అరగంటలో అందిన చివరి చుక్కలన్నిటి చుట్టూ తాడు బిగించి కట్టినట్టు గీస్తే చాతం, బాంబూఫ్లాట్ మధ్య సముద్రమంతా మళ్ళీ ఏరియాలో కలిసిపోతుంది. అందుకే మంచి సాఫ్ట్‌వేర్ చుక్కల మధ్య ఖాళీ మరీ ఎక్కువైతే గీతను లోపలికి మడుస్తుంది, అవసరమైతే ముక్కలు చేస్తుంది. ఇవతల ఒక బహుభుజి, నీళ్ళ అవతల బాంబూఫ్లాట్ చుట్టూ చిన్నదింకొకటి. రెండూ కలిసి ఒకే ఏరియా.

కస్టమర్ తన ఇంటి మీద పిన్ను పెట్టి 'నా ఇంటికి వస్తారా' అని నొక్కితే జరిగే పని ఇంకా ముచ్చటగా ఉంటుంది. బహుభుజికి వందలకొద్దీ మూలలున్నా సరే, కంప్యూటర్ ఆ పిన్ను నుంచి తూర్పుకు ఒక తిన్నని గీత లాగి, అది సరిహద్దును ఎన్నిసార్లు దాటిందో లెక్కిస్తుంది. బేసి సంఖ్య వస్తే పిన్ను లోపల, సరి సంఖ్య వస్తే బయట. లోపలున్నవాడు ఎన్ని వంపులు దాటినా చివరికి బయటపడాలి కాబట్టి బేసి తప్పదు. 1962లో ఎం. షిమ్రాట్ దీన్ని కంప్యూటర్ విధానంగా ప్రచురించాడు.

ఈ లెక్క మధ్యలో రంధ్రాలున్నా తడబడదు. బారాటాంగ్, రంగత్ దాకా సరుకు పంపే వ్యాపారి ఎవరైనా తన ఏరియా గీస్తే అందులో జరావా ఆదివాసుల రిజర్వు పడుతుంది. 1956 నాటి ఆదివాసుల రక్షణ రెగ్యులేషన్ ప్రకారం అక్కడ బయటివాళ్ళకు ప్రవేశం లేదు. ట్రంక్ రోడ్డు దాని గుండా పోయినా దారిలో ఆగకూడదు. కాబట్టి పెద్ద గీత లోపల రిజర్వు చుట్టూ మరో గీత గీసి దాన్ని మినహాయించాలి. రిజర్వులో ఉన్న బిందువు నుంచి లాగిన గీత లోపలి సరిహద్దునూ దాటుతుంది, బయటి సరిహద్దునూ దాటుతుంది. రెండు, సరి సంఖ్య, అంటే సేవ లేదు. వేరే నియమం ఏదీ రాయనక్కర్లేదు.

ఆ తర్వాతి చరిత్ర వేగంగా నడిచింది. 2004లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మొదలైంది, ఎవరి వీధిని వారే గీసుకోవచ్చు. 2005 ఫిబ్రవరిలో గూగుల్ మ్యాప్స్ వచ్చింది. మ్యాపును చిన్న చిన్న చదరపు పలకలుగా కోసి, చూసే భాగానికి కావలసిన పలకలే పంపడం దాని ఒడుపు. అదే ఏడాది పాల్ రాడెమాకర్ అనే ప్రోగ్రామర్ అద్దె ఇళ్ళ ప్రకటనలను ఆ మ్యాపు మీద గుచ్చి చూపించాడు, అప్పటికి గూగుల్ అందుకు వీలైన దారి అధికారికంగా ఇంకా ఇవ్వనే లేదు. తర్వాత వచ్చిన లీఫ్‌లెట్ అనే చిన్న ఉచిత లైబ్రరీతో చిన్న దుకాణం వాళ్ళు కూడా తమ సైట్‌లో మ్యాపు పెట్టుకోగలిగారు. ఇప్పుడు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో ఊళ్ళ పేర్లు, పిన్‌కోడ్‌లతో ఇరవై దాకా ప్రాంతాలు చేర్చవచ్చు. వ్యాసార్ధం ఇచ్చే పాత పద్ధతి తీసేశారు, మంచి పని చేశారు. మా దీవుల్లో వీటన్నిటికీ ఉపగ్రహమే దిక్కుగా ఉన్న రోజుల్లో మ్యాపు పలకలు ఒక్కొక్కటే దిగేవి. చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్లు వేసిన కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యాక పరిస్థితి మారింది.

సొంతంగా గీసుకోవాలనుకునేవాళ్ళకు ఒక్క హెచ్చరిక. బహుభుజులను దాచుకునే జియోజేసన్ ఫైలులో ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం రాయాలి. మనకు అలవాటు దీనికి తలకిందులు. విజయవాడ వ్యాపారి 16.5, 80.6 అని రాశాడంటే అతని ఏరియా స్వాల్‌బార్డ్ దగ్గరి ఆర్కిటిక్ సముద్రంలో చల్లగా తేలుతుంది, ప్రోగ్రాం ఏ అభ్యంతరమూ చెప్పకపోవచ్చు. చాతానిది 11.7, 92.7. తిరగేసి రాస్తే అక్షాంశం 92.7 అవుతుంది, ధ్రువమే 90 దగ్గర ఉంది కనుక అలాంటి చోటు భూమ్మీదే లేదు. ఫైలులోని అంకెల హద్దులను కూడా సరిచూసే సాధనంలో వేస్తే ఆ తప్పు అక్కడికక్కడే పట్టుబడుతుంది. అందుకని మొదట ఒకే ఒక పిన్ను చాతం సామిల్లు మీద పెట్టి చూసుకుని, అది సరిగ్గా పడ్డాకే మిగతా మూలలు నింపమని మా పిల్లలకు చెబుతాను.