జ్వరం పాపకా... థర్మామీటరుకా?

అర్ధరాత్రి. పాప ఒళ్లు కాలిపోతోంది. నాన్నమ్మ నుదుటి మీద చెయ్యేసి 'జ్వరం బాగానే ఉందర్రా' అని తేల్చేసింది. అమ్మ అలమరలోంచి డిజిటల్ థర్మామీటరు తీసి మీట నొక్కింది. అంకెల్లేవు... 'ఎల్' అనే అక్షరం మాత్రం మినుకు మినుకుమంటోంది. 'పాడైపోయినట్టుంది' అంటూ నాన్న దాన్ని పక్కన పడేశాడు.

నిజానికి అది నిక్షేపంలా ఉంది! 'ఎల్' అంటే 'లో' అని. జ్వరం చూసే థర్మామీటర్లు సాధారణంగా 32 డిగ్రీల సెల్సియస్ నుంచే కొలత మొదలుపెడతాయి. అంతకన్నా చల్లగా ఉంటే అంకె చూపించవు. 'నేను సిద్ధం, ఇక పెట్టండి' అని చెప్పడమే ఆ మినుకుమినుకు. పాప నోట్లోనో, చంకలోనో పెట్టాక కూడా 'ఎల్' పోకపోతే అప్పుడు అనుమానించాలి. చాలాసార్లు కారణం చిన్నదే... మొన చర్మానికి సరిగా ఆనకపోవడం.

పాదరసం థర్మామీటరును విదిలించి పెట్టడం పాత తరానికి అలవాటే. పగిలితే విషమన్న భయంతో అది క్రమంగా ఇళ్లలోంచి వెళ్లిపోతోంది. 2013 నాటి మినమాటా అంతర్జాతీయ ఒప్పందం పాదరసం థర్మామీటర్ల తయారీ నిలిపివేతకు 2020ని గడువుగా పెట్టింది. దాని స్థానంలోకి వచ్చిన డిజిటల్‌ది వాడటం తేలికే. కాకపోతే దాని భాష కాస్త వేరు.

నిన్నటి జ్వరం... ఈరోజు మందు!

మీట నొక్కగానే తెర మీద గీతలన్నీ ఒక్కసారి వెలుగుతాయి. అది తెర పరీక్ష. ఆ వెంటనే చాలా మోడళ్లలో ఒక అంకె కనిపించి మాయమవుతుంది. అది పోయినసారి చూసిన జ్వరం! కంగారులో దాన్నే ఇప్పటిదనుకుంటే నిన్నటి 102కి ఈరోజు మందు వేసేసినట్టే.

ఇంకో తికమక, సెల్సియస్‌తో. ఎప్పుడూ 98, 100 చూసే కళ్లకు 38 కనిపిస్తే 'ఏమీ లేదులే' అనిపిస్తుంది. కానీ 38 డిగ్రీల సెల్సియస్ అంటే 100.4 ఫారెన్‌హీట్... జ్వరమే. 39 అంటే 102.2. 40 అంటే 104! మీట ఎక్కువసేపు నొక్కి ఉంచితే చాలా మోడళ్లలో ఒక కొలమానం నుంచి మరొకదానికి మారుతుంది. పిల్లలు ఆడుకుంటూ మార్చేయడమూ మామూలే. కాబట్టి అంకెతో పాటు పక్కనున్న 'సి', 'ఎఫ్' అక్షరాన్నీ చూడాలి.

ఇది చాదస్తం కాదు. మూడు నెలల్లోపు పసికందుకు 100.4 వచ్చిందంటే తెల్లారేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. కాస్త పెద్ద పిల్లల విషయంలో పొరపాటు ఇంకో రకం. అంకె పెరిగిందని సిరప్ మరో మూత పోసేస్తుంటారు. పారాసిటమాల్ మోతాదు పిల్లల బరువును బట్టి ఉంటుంది, థర్మామీటరు అంకెను బట్టి కాదు.

బీప్ మోగింది కదా అని...

డిజిటల్ థర్మామీటరు మొనలో థర్మిస్టర్ అనే చిన్న భాగం ఉంటుంది. వేడికి దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పునే పరికరం అంకెగా చూపిస్తుంది. వేడి పెరగడం దాదాపు ఆగిందనుకోగానే బీప్ కొడుతుంది. నాలుక కింద పెట్టి పెదాలు మూసుకుంటే ఈ లెక్క బాగానే పనిచేస్తుంది. చంకలో అలా కాదు. చేయి ఎత్తి ఉంచినప్పుడు చల్లబడిన చర్మం మళ్లీ వేడెక్కడానికి సమయం పడుతుంది. బీప్ తొందరపడొచ్చు. కంపెనీ ఇచ్చిన కాగితంలో చంకకు ఎన్ని నిమిషాలు రాశారో చూసి అంతసేపూ ఉంచాలి. చంకలో కొలత నోటి కన్నా కాస్త తక్కువే వస్తుంది. వేడివేడి టీయో చల్లటి నీళ్లో తాగితే ఓ అరగంట ఆగి నోట్లో పెట్టుకోవాలి.

మన ఎండాకాలంతో ఇంకో చిక్కుంది. మే నెలలో మధ్యాహ్నం పూట గది వేడే 38 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు బల్ల మీదున్న థర్మామీటరుకే జ్వరం! మొనను చల్లటి నీళ్లతో కడిగి, తుడిచి అప్పుడు పెట్టాలి.

కరోనా రోజుల్లో, 2020లో గుమ్మాల దగ్గర కనిపించిన 'గన్' థర్మామీటర్లు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నాయి. వాటిలో కొన్నింటికి రెండు పద్ధతులుంటాయి... ఒంటికి ఒకటి, వస్తువులకు ఒకటి. వస్తువుల పద్ధతిలో ఉంచి నుదుటికి గురిపెడితే జ్వరమున్నా లేనట్టే చూపించొచ్చు. చెమట పట్టిన నుదురు, ఎండలోంచి అప్పుడే వచ్చిన మనిషి, మరక పడిన కటకం... ఏదైనా అంకెను తారుమారు చేస్తుంది.

మరి నిజంగా పాడైందో లేదో తెలిసేదెలా? ఐసు నీళ్లలో ముంచి చూడమంటారు కొందరు. వంటింటి థర్మామీటరుకైతే ఆ పరీక్ష సరే, సున్నా చూపించాలి. జ్వరం చూసేది మాత్రం 'ఎల్' తప్ప ఇంకేమీ చూపించదు. ఒంటి వేడంత గోరువెచ్చటి నీళ్లలో రెండు థర్మామీటర్ల మొనలు మాత్రమే ముంచి పోల్చుకోవడం మేలు. తెర మసకబారినా, పిచ్చి అంకెలు వచ్చినా బ్యాటరీ తీసి, నిమిషం ఆగి మళ్లీ వేయాలి. వీటికి రీసెట్ అంటే దాదాపుగా ఇదే. తీసిన బిళ్ల బ్యాటరీ పిల్లల చేతికి అందకూడదు. మింగితే అన్నవాహికను కాల్చేస్తుంది... క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఫ్రిజ్, గీజర్ సంగతీ...

థర్మామీటరు వేడెంతో చెప్పి ఊరుకుంటుంది. థర్మోస్టాట్ ఆ వేడిని చూసి తనే కరెంటు ఆపుతుంది, మళ్లీ ఇస్తుంది. ఫ్రిజ్ నాబ్ మీది 1, 2, 3 అంకెలు డిగ్రీలు కావు. సాధారణంగా అంకె పెరిగేకొద్దీ చల్లదనం పెరుగుతుంది. లోపల 4 డిగ్రీల సెల్సియస్, అంతకన్నా తక్కువ ఉంటే పాలూ కూరలూ క్షేమం. ఫ్రిజ్ థర్మామీటరును గ్లాసుడు నీళ్లలో వేసి రాత్రంతా లోపల ఉంచితే అసలు సంగతి తెలుస్తుంది. నాబ్ మార్చాక ఒక రోజైనా ఆగి చూడాలి, గంటకోసారి తిప్పితే లాభం లేదు. తలుపు రబ్బరు వదులైతే నాబ్ ఎంత తిప్పినా చల్లబడదు.

అసలు భయపడాల్సింది గీజర్ దగ్గర. అందులో థర్మోస్టాట్‌కి తోడు థర్మల్ కటౌట్ కూడా ఉంటుంది. నీళ్లు మితిమీరి కాగితే కరెంటు ఆపేస్తుంది. చాలా మోడళ్లలో మూత కింద చిన్న రీసెట్ మీట ఉంటుంది. మెయిన్ ఆపి తెలిసిన మెకానిక్ దాన్ని ఒకసారి నొక్కొచ్చు. మళ్లీ మళ్లీ పడిపోతుంటే మాత్రం థర్మోస్టాట్ అతుక్కుపోయిందనో, బోరు నీళ్ల ఉప్పు పేరుకుని కాయిల్ పాడైందనో అనుమానించాలి.

అప్పుడు వినిపించే మాట... 'థర్మోస్టాట్ ఎందుకండీ, డైరెక్ట్ చేసేస్తా'. ఒప్పుకోవద్దు. డైరెక్ట్ చేస్తే నీళ్లు ఎంత కాగినా కరెంటు ఆగదు. లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. ఇక మిగిలేది సేఫ్టీ వాల్వ్ ఒక్కటే. ఉప్పు పట్టి అదీ మూసుకుపోతే ట్యాంకు పేలొచ్చు. వాల్వ్ నుంచి అప్పుడప్పుడు నాలుగు చుక్కలు కారడం మామూలే. ఆవిరి చిమ్ముతున్నా, లోపల కుతకుత చప్పుడు వస్తున్నా కుళాయి తిప్పకుండా ముందు మెయిన్ ఆపాలి. పిల్లల్ని స్నానాల గదిలోంచి బయటికి తెచ్చి, అప్పుడు మెకానిక్‌కి ఫోన్ చేయాలి.