కృష్ణవేణి ఎల్లగా నిలిచిన యుద్ధం

పదునైదు, పదహారు శతాబ్దులలో తెలుగునేల ఒక్క ప్రభువు ఏలుబడిలో లేదు. దక్షిణభాగం విజయనగర సామ్రాజ్యంలోనిది. తీరాంధ్రంలో అధికభాగం కటకం రాజధానిగా పాలించిన గజపతులది. అశ్వబలానికి పేరొందిన సుల్తానులను అశ్వపతులనీ, గజబలం గల కళింగ ప్రభువులను గజపతులనీ, విజయనగర రాజులను నరపతులనీ వ్యవహరించడం మన ప్రాచీన వాఙ్మయంలో పరిపాటి. వీరిలో నరపతికీ గజపతికీ నడుమ 1513లో మొదలై సుమారు ఆరేండ్లు సాగిన యుద్ధమే ఈ పాఠంలోని విషయం.

వైరం రాయల కాలంలో పుట్టినది కాదు. 1434-35 ప్రాంతంలో సింహాసనమెక్కిన కపిలేంద్ర గజపతి కొండవీటిని, అటుపై ఉదయగిరిని ఆక్రమించాడు. 1464 నాటికి అతని సేనలు కావేరీతీరం దాకా నడిచాయి. ‘గజపతి గౌడేశ్వర నవకోటి కర్ణాట కలుబరగేశ్వర’ అనేది అతని బిరుదావళి. కర్ణాటదేశం గాని కలుబరిగె గాని అతని వశమై నిలిచినవి కావు. ఏలాలనుకొన్న నేలను కూడా బిరుదులో చేర్చుకోవడం ఆనాటి రాజుల అలవాటు! సాళువ నరసింహరాయలు ఉదయగిరిని సాధించబోయి గజపతి చేతిలో ఓడి, ఆ దుర్గాన్ని వదులుకోవలసి వచ్చింది. అతడు మరణశయ్యపై ఉండి, రాయచూరు, ఉదయగిరి మొదలైన దుర్గాలను సాధించవలసిందిగా తనవారిని ఆదేశించాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ వ్రాశాడు.

1509లో రాజ్యానికి వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు 1513లో ఉదయగిరిని ముట్టడించాడు. నెల్లూరు సీమలోని ఈ గిరిదుర్గం దుర్భేద్యమైనది. కొండరాళ్ళను పగులగొట్టించి సేన నడవడానికి దారులు వేయించవలసి వచ్చిందనీ, ముట్టడి ఏడాదిన్నర సాగిందనీ న్యూనిజ్ చెప్పిన మాట. 1514లో కోట లొంగింది. ప్రతాపరుద్ర గజపతి పినతండ్రి వరుసైన తిరుమల రాహుత్తరాయుడు పట్టుబడ్డాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని రాయలు తన రాజధానికి తరలించి, 1515లో ఆలయం కట్టించి ప్రతిష్ఠించాడు. హంపిలోని కృష్ణాలయం అదే.

గుంటూరుకు పడమరనున్న కొండవీడు మరుసటి ఏడు, 1515 జూన్ 23న వశమైంది. ప్రతాపరుద్రుని కుమారుడు వీరభద్రుడు ఇక్కడే బందీ అయ్యాడు. ఆపై కొండపల్లి, తెలంగాణంలోని పలు దుర్గాలు, రాజమహేంద్రవరం ఒకటి వెనుక ఒకటి లొంగాయి. 1516లో రాయలు దేవేరులతో సింహాచలం దర్శించి, స్వామికి 991 ముత్యాల హారం సమర్పించినట్లు అక్కడి శాసనం తెలుపుతున్నది. పొట్నూరులో జయస్తంభం వెలసింది.

విద్యార్థులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ యుద్ధాన్ని గురించి మనకు మూడు తీరుల ఆధారాలు ఉన్నాయి: శాసనాలు, కావ్యాలు, విదేశీయుల వ్రాతలు. మూడూ ఒకే మాట చెప్పవు. వీరభద్రుని కథే చూడండి. రాయలు అతని ఖడ్గవిద్యను చూడగోరి, రాజవంశీయుడు కాని వానితో తలపడమన్నాడనీ, ఆ అవమానం భరించలేక రాకుమారుడు ప్రాణాలు తీసుకొన్నాడనీ న్యూనిజ్ వ్రాశాడు. చదివినవారి మనస్సు కలచివేసే కథ ఇది. అయితే 1516 నాటి దావణగెరె ప్రాంత శాసనం ఒకటి వేరొక వీరభద్రుని చూపుతుంది. అందులో అతడు రాయలు ఇచ్చిన సీమకు పాలకుడు. అక్కడి ప్రజలకు పెండ్లిసుంకం మాన్పించి, ఆ పుణ్యం తన తండ్రి ప్రతాపరుద్రునికీ, తన ప్రభువు కృష్ణరాయలకూ కలగాలని కోరుకొన్నాడు. తండ్రి కటకంలో పోరాడుతున్నాడు. ప్రభువు ఆ తండ్రి మీదనే దండెత్తి ఉన్నాడు. ఇద్దరి పేర్లనూ ఒకే శాసనంలో చెక్కించిన ఆ బందీ అంతరంగం ఎటువంటిదో ఊహించవలసిందే. అతడు తరువాత ఎట్లు మరణించాడో ఆ శాసనం చెప్పదు గనుక న్యూనిజ్ మాటను పూర్తిగా తోసిపుచ్చలేము. కాని అతడు సంఘటనలు జరిగిన ఇరవై ఏండ్లకు, జనం నోట విన్నది వ్రాశాడు. శాసనం జరిగిన కాలంలోనే రాతిపై నిలిచింది. నా దృష్టిలో రెండవదానికే బరువెక్కువ.

కావ్యాల సంగతి వేరు. పెద్దన మనుచరిత్రలో రాయల ప్రతాపం ఉదయగిరి శిలల వద్ద పుట్టి, ఊరూరా వ్యాపించి కటకాన్ని దహించిన అగ్నిగా రూపొందింది. దుర్గాల వరుస చాలవరకు శాసనాలతో సరిపోతుంది గనుక కవి కల్పనలోనూ చరిత్ర ఉన్నదనాలి. కటకదహనాన్ని మాత్రం ఆశ్రితకవి అతిశయోక్తిగా గ్రహించడం మేలు. రాయలకు ఈ దండయాత్రా మార్గంలోనే, కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువు స్వప్నంలో సాక్షాత్కరించి తెలుగున కావ్యం చెప్పుమన్నాడట. ఆముక్తమాల్యద అవతారికలోని ఈ వృత్తాంతం వల్ల, ఒక సరిహద్దు యుద్ధం మన సాహిత్యంలోని మహాప్రబంధానికి నాంది అయింది.

ఇంత గెలిచిన రాయలకు చివరకు దక్కినదేమిటి? సంధిలో ప్రతాపరుద్రుడు తన కుమార్తెను రాయలకిచ్చి వివాహం చేశాడు. రాయలు కృష్ణకు ఉత్తరాన జయించిన భూములను మామకు తిరిగి ఇచ్చివేశాడు. పొట్నూరు జయస్తంభం శత్రువు రాజ్యంలోనే మిగిలింది. ఉదయగిరి, కొండవీడు విజయనగరానికి నిలిచాయి. దీనిని ఔదార్యమని కొందరు కొనియాడారు. ఔదార్యం కంటె రాజనీతి ఇందులో ఎక్కువ. పడమట బిజాపూరు సుల్తానుతో రాయచూరు వివాదం తెగలేదు. దూరాన ఉన్న కళింగ దుర్గాలన్నింటిలో సేనలుంచి ఆ యుద్ధం చేయడం సాధ్యం కాదు. సంధి కుదిరిన కొద్దికాలానికే, 1520లో, రాయలు రాయచూరును జయించడం ఇందుకు నిదర్శనం.

ఆ రాకుమార్తె పేరు ఒక్కొక్క ఆధారంలో ఒక్కొక్క విధంగా ఉన్నది. భర్త ఆదరణ లేక ఒంటరిగా గడిపిందనీ, తుక్కాపంచకమనే సంస్కృత శ్లోకాలు ఆమెవేననీ ప్రతీతి.

కొండవీటి పాలన మంత్రి తిమ్మరుసు మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రికి దక్కింది. 1520 నాటి కొండవీటి శాసనంలో సరకులపై ఆలయానికి చెల్లవలసిన సుంకాలు కనబడతాయి. అంటే అయిదేండ్లలో అంగళ్ళు మళ్ళీ తెరచుకొన్నాయన్నమాట.

సంధి ఎల్ల మాత్రం ఎక్కువకాలం నిలువలేదు. 1540లో ప్రతాపరుద్రుడు మరణించగానే అతని కుమారులను చంపించి మంత్రి గోవింద విద్యాధరుడు రాజ్యం చేజిక్కించుకొన్నాడు. 1565లో విజయనగరం రాక్షసితంగడి యుద్ధంలో కూలింది. 1568లో కళింగం వంగ సుల్తానుల పాలయింది. కొద్ది సంవత్సరాలకే రాజమహేంద్రవరాన్ని, 1580 నాటికి కొండవీటిని గోల్కొండ కుతుబ్‌షాహీలు గెలుచుకొన్నారు.