తలుపు తట్టినా పలకని కణం

అన్నం తిని చెయ్యి కడుక్కున్న కాసేపటికే రక్తంలో చక్కెర పెరుగుతుంది. వెంటనే క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్‌ను వదులుతాయి. అదో కబురు. రక్తంతోపాటు ఒళ్లంతా తిరిగినా, తగిన గ్రాహకం ఉన్న కణానికే అది వినబడుతుంది.

ఈ కబురు చెప్పడానికి ఇన్సులిన్ గడప దాటక్కర్లేదు. కండర కణం పైపొర మీదున్న గ్రాహకాన్ని పట్టుకుంటుంది. అంతే! లోపల ప్రొటీన్లు ఒకదాన్నొకటి తట్టి లేపుతాయి. చివరికి ‘గ్లూట్-4’ అనే ద్వారాలు పైపొరకు చేరి చక్కెరను లోనికి రానిస్తాయి.

మరి షుగరు జబ్బు ఎందుకొస్తుంది? టైప్-1లో కబురు పంపే కణాలే నశిస్తాయి. 1922 జనవరిలో టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే కుర్రాడికి ఇన్సులిన్ సూది వేసింది అందుకే. టైప్-2లో కబురు వస్తుంది, గ్రాహకమూ ఉంటుంది. మాటే లోపలికి సరిగా చేరదు. క్లోమం ఇంకా గట్టిగా అరిచి అరిచి అలసిపోతుంది.

నడక విలువ తెలిసేది ఇక్కడే. కండరాలు కదిలితే ఇన్సులిన్ చెప్పకున్నా ఆ ద్వారాలు పైకొస్తాయి. దొడ్డిదారే అయినా మంచి దారి! అలాగని మందులు, సూదులు మానేయకండి. టైప్-1 వారికి ఇన్సులిన్ లేనిదే గడవదు.