పాత సామాను దుకాణములు – ప్రమాద నివారణ

దిల్‌సుఖ్‌నగరు నుండి ఎల్‌.బి.నగరునకు పోవు పెద్ద రోడ్డును విడిచి ప్రక్కవీధులలోనికి మరలినచో, పాత ఇనుము, కాగితము, ప్లాస్టిక్కు, చెడిన విద్యుత్పరికరములు కొని, వేరుచేసి అమ్ము చిన్న దుకాణములు కనిపించును. మన ఇంట పనికిరాని వస్తువు అచటివారికి జీవనాధారము. ఆ జీవనము ప్రాణముల మీదికి రాకుండుటెట్లో ఈనాడు ముచ్చటింతము.

2022 మార్చి 23వ తేదీ తెల్లవారుజామున సికిందరాబాదు బోయిగూడలోని పాత సామాను గోదాములో నిప్పంటుకొని, పై అంతస్తున నిద్రించుచున్న బీహారు కార్మికులు 11 మంది మరణించిరి. క్రింద మండు సరుకు, పైన పడక, దిగుటకు ఒక్కటే ఇరుకు మెట్లదారి. ఈ మూడును ముందురోజు పగటివేళ కూడ ఎల్లర కన్నుల ఎదుట ఉన్నవే.

కావున ప్రమాదమును అంచనా వేయుటకు గొప్ప చదువు అక్కరలేదు. యజమానియు పనివారును కలిసి దుకాణమంతయు తిరిగి చూచి, ఏది హాని చేయును, ఎవరికి చేయును, ఎంత తీవ్రముగా చేయును అని ప్రశ్నించుకొనవలెను. రేకుముక్క దినమునకు పదిమార్లు గీరుకొనును గనుక అందరకును గుర్తుండును. అగ్ని ఏనాడో ఒకనాడు వచ్చును గనుక మరపున పడును. అరుదుగా వచ్చినను ప్రాణము తీయుదానినే ముందు చూడవలెను.

చేతితొడుగులు కొనియిచ్చి, పని తీరెనని తలచుట పొరపాటు. అవి అవసరమే గాని, చివరి రక్షణ మాత్రమే. మొదటిది అపాయమును మూలమున తొలగించుట. రాగి కొరకు విద్యుత్తీగల తొడుగును కాల్చినచో విషవాయువులు పుట్టును. ముక్కునకు గుడ్డ కట్టుకొనుట దీనికి మందు కాదు; కాల్చుట మాని, తొడుగును ఒలిచివేయుటయే మందు. సీసపు బ్యాటరీలను పగులగొట్టరాదు. అందలి గంధకామ్లము చర్మమును కాల్చును. సీసపు ధూళి బట్టలనంటి ఇల్లు చేరి పసిపిల్లలకు కీడు చేయును. లిథియం బ్యాటరీ నలిగినచో మండవచ్చును. దానిని కాగితముల చెంత ఉంచరాదు. గోదాము మీద ఎవరును పడుకొనరాదు. రెండవ ద్వారము ఉండవలెను, దాని ఎదుట మూటలు పేర్చరాదు.

గృహస్థులకును ఇందు పాలు కలదు. పగిలిన గాజును మందపు కాగితమున చుట్టి, బ్యాటరీలను వేరుగా ఉంచి, సంచిలో ఏమున్నదో కొనువానికి చెప్పి ఇచ్చినచో, మన గుమ్మము కడనే ఒక ప్రమాదము తప్పిపోవును.