ఇంజను మార్చొచ్చు, గదులు మార్చలేం

రాత్రింబవళ్ళు నీటి మీదే గడపడానికి వీలుగా పడక గదులు, వంటగది, బాత్రూమ్, కూర్చునే హాలు అన్నీ అమర్చి, ఇంజన్లతో నడిచేలా కట్టిన విహార నౌకను మోటారు యాట్ అంటారు. అమెరికాలో ఫ్లోరిడా, సియాటెల్ తీరాల్లో, ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, మధ్యధరా సముద్రపు రేవుల్లో ఇవి బారులు తీరి కనిపిస్తాయి. విల్లిస్ స్లేన్ నెలకొల్పిన హ్యాటరస్ సంస్థ 1960లో 41 అడుగుల పడవను ఫైబర్‌గ్లాస్‌తో కట్టి నీళ్ళలోకి దించింది. అంత పెద్ద పడవకు ఆ పదార్థం పనికొస్తుందని అప్పటిదాకా చాలామంది నమ్మలేదు. ఫైబర్‌గ్లాస్ చెక్కలా పుచ్చదు, ఉక్కులా తుప్పు పట్టదు. శ్రద్ధగా చూసుకుంటే నలభై, యాభై ఏళ్ళు నిలుస్తుంది. అందుకే వాడిన యాట్ల వ్యాపారం విస్తారంగా పెరిగింది. ఈ వ్యాపారంలో ఒక సంగతి గమనించదగ్గది. ఒకే కంపెనీ, ఒకే ఏడు, ఒకే పొడవు, ఒకే రకం ఇంజన్లు ఉన్న రెండు పడవల్లో ఒకటి తొందరగా అమ్ముడుపోతుంది, రెండోది నెలల తరబడి రేవులోనే ఉండిపోతుంది. చాలాసార్లు దీనికి కారణం లోపలి గదుల అమరిక. కొనేవాళ్ళు ఇంజన్లకూ మెరుపులకూ ఇచ్చే శ్రద్ధలో సగమైనా ఈ అమరికకు ఇవ్వరు. నిజానికి అన్నిటికన్నా ముందు చూడాల్సింది దాన్నే.

పాత ఫ్లాటు కొనేటప్పుడు రంగులు, టైల్స్, కిచెన్ అల్మరాలు నచ్చకపోయినా మార్చుకోవచ్చులే అనుకుంటాం గానీ ప్లాను నచ్చకపోతే వెనక్కి వచ్చేస్తాం. యాట్ విషయంలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. ఇంజన్లు అరిగిపోతే విప్పి బాగుచేయిస్తారు, లేదా కొత్తవి వేయిస్తారు. పరుపులు, కర్టెన్లు, దీపాలు, రాడార్, జీపీఎస్ తెరలు అన్నీ మారిపోయేవే. గదుల మధ్య అడ్డుగోడలు మాత్రం అలాంటివి కావు. వాటిలో చాలావాటిని ఫైబర్‌గ్లాస్ పూతతో పడవ పక్కలకు అతికిస్తారు. అలలు కొట్టినప్పుడు ఒళ్ళు వంకర పోకుండా బరువు మోసేవి అవే. మంచాల కింద నీళ్ళ ట్యాంకులు, నేల కింద డీజిల్ ట్యాంకులు, గోడల వెనక వైర్లు, పైపులు ఉంటాయి. ఎక్కడి బరువు అక్కడ ఉంటేనే పడవ ఒరగకుండా తేలుతుంది. ఒక గోడ తీయాలంటే నౌకా నిర్మాణ నిపుణుడి లెక్క కావాలి. అంత ఖర్చు పెట్టి మార్చినా తిరిగి అమ్మేటప్పుడు ఆ డబ్బు రావడం అరుదు. కట్టినరోజు గీసిన గీతలతోనే పడవ చివరిదాకా బతుకుతుంది.

దీనికి మంచి ఉదాహరణ గ్రాండ్ బ్యాంక్స్ 42. హాంకాంగ్‌లో అమెరికన్ మెరైన్ అనే సంస్థ 1960లలో మొదలుపెట్టిన ఈ తరహా పడవలకు కెన్నెత్ స్మిత్ రూపకల్పన చేశారు. మొదట చెక్కతో కట్టి, 1973 నుంచి ఫైబర్‌గ్లాస్‌కు మారారు. వేగం తక్కువ, కుదురు ఎక్కువ. వెయ్యికి పైచిలుకు పడవలు తయారైన ఈ మోడల్ నేటికీ పాత పడవల జాబితాల్లో కనిపిస్తూనే ఉంటుంది. ఒకే హల్ (పడవ అడుగు గుల్ల) మీద దీన్ని వేర్వేరు అమరికలతో కట్టారు. క్లాసిక్ అనే రకంలో మధ్యన హాలు, వంటగది, ముందు కొసన ఒక పడక గది, వెనుక యజమాని గది ఉంటాయి. రెండు గదులకూ విడివిడిగా బాత్రూమ్‌లు. యూరోపా అనే రకంలో వెనుక గది లేదు. హాలు వెనక్కి జరిగి, దాని తలుపు తీయగానే నీటి మట్టానికి దగ్గరగా ఉండే వెనుక వసారాలోకి దారి ఇస్తుంది. పై డెక్కు ఆ వసారా మీదిదాకా సాగి ఎండకూ వానకూ నీడ పడుతుంది. పడక గదులు రెండూ ముందువైపు దిగువకు చేరతాయి. క్లాసిక్‌లో రెండు జంటలకు పూర్తి ఏకాంతం దొరుకుతుంది, యూరోపాలో అది తగ్గుతుంది. అయినా సాధారణంగా అదే వయసున్న క్లాసిక్ కన్నా యూరోపాకే ఎక్కువ ధర పలుకుతుంది.

యూరోపాలు తక్కువగా తయారయ్యాయి కాబట్టి అరుదైనదానికి ధర పెరగడం మామూలే కదా అని ఎవరైనా అనవచ్చు. అందులో నిజం లేకపోలేదు. కానీ అరుదుగా ఉన్నంత మాత్రాన దేనికీ గిరాకీ రాదు, కావాలనుకునేవాళ్ళు ఉండాలి. ఆ కోరిక ఎటు మళ్ళిందో గ్రాండ్ బ్యాంక్స్ కంపెనీయే చూపించింది. 2009లో తెచ్చిన 41 హెరిటేజ్ మోడల్‌ను యూరోపా అమరికలోనే కట్టింది. కారణం ఊహించడం కష్టం కాదు. పడవ మీద పగటి సమయమంతా బయటే గడుస్తుంది. ఈతకు దిగేది, చిన్న తెప్ప పడవలోంచి ఎక్కేది, సరుకులు అందుకునేది, కూర్చుని భోంచేసేది వెనుక వసారాలోనే. వెనుక పడక గది ఉన్న పడవలో ఆ చోటంతా గది పైకప్పుగా మారిపోతుంది. నీళ్ళలోంచి పైకి రావాలంటే నిచ్చెన ఎక్కాలి. అరవై దాటిన జంటకు, కుక్కను వెంట తెచ్చుకునేవాళ్ళకు ఆ నిచ్చెన రోజుకు పదిసార్లు ఎదురయ్యే అడ్డంకి.

అయితే వెనుక గది ఉన్న అమరికను తీసిపారేయడం తొందరపాటు. అమరిక విలువ పడవను కట్టే రేవును బట్టి మారుతుంది. మధ్యధరా రేవుల్లో పడవలను వెనుక భాగం గట్టుకు ఆనేలా కడతారు. అక్కడ వెనుక వసారాయే వీధి గుమ్మం. అది లేని పడవకు ఆ రేవుల్లో గిరాకీ తగ్గడం సహజం. అదే ఇంగ్లండ్‌లో నార్ఫోక్ జలమార్గాల్లోనో, ఫ్రాన్స్ కాలువల్లోనో పడవను చాలాచోట్ల గట్టు వెంబడి పక్కవాటుగా కడతారు. పక్క డెక్కు మీద నుంచే దిగిపోవచ్చు, అలల బెడద ఉండదు, రెండు జంటలు వారాల తరబడి కలిసి ఉన్నా ఒకరికొకరు అడ్డం రారు. నార్ఫోక్‌లోని బ్రండల్‌లో బ్రూమ్ సంస్థ కట్టిన వెనుక గది పడవలను అక్కడివాళ్ళు ఆదరించడానికి కారణం ఇదే. చుక్కాని సంగతీ అంతే. సియాటెల్ చుట్టుపక్కల వానా చలీ ఎక్కువ. ఆ నీళ్ళలో లోపల కూర్చుని నడిపే చుక్కాని లేని పడవను కొనడానికి వెనకాడతారు. ఫ్లోరిడా ఎండల్లో ఆ లోపలి చుక్కానిని తీసేసి ఆ జాగాను హాలులో కలుపుకుంటారు. కొనేవాడు ఎక్కడ తిప్పుతాడో తెలియకుండా ఏ అమరికా మంచిదని చెప్పలేం. పడవ అమరికే దాని కొనుగోలుదారులెవరో తేల్చేస్తుందని మాత్రం చెప్పగలం.

కాలంతోపాటు అమరిక ఎలా మారిందో తెలిస్తే పాత పడవల ధరల్లో తేడాలు మరింత తేటపడతాయి. పాత పద్ధతిలో ఇంజన్లు పడవ నడుము భాగంలోనో, కాస్త వెనకనో ఉండేవి. వాటి నుంచి పొడవాటి ఇరుసు నేల కింద ఏటవాలుగా సాగి వెనుక పంకాను తిప్పేది. అంటే పడవలో అన్నిటికన్నా వెడల్పైన చోటును ఇంజన్లే తీసుకునేవి. యజమాని గది ముందు కొసకో, వెనక్కో పోవాల్సి వచ్చేది. ముందు కొసన పడక ఇరుకుగా సాగుతుంది. లంగరు వేసి పడుకుంటే చిరు అలలు తల దగ్గరే తపతపా కొడుతుంటాయి, ప్రయాణంలో ముక్కు లేచి పడుతుంటుంది. ఇంజనును వెనక్కి నెట్టి ఇరుసును మడిచే వీ-డ్రైవ్ పద్ధతి కొంత చోటు మిగిల్చింది. 2005లో వోల్వో పెంటా మార్కెట్లోకి తెచ్చిన ఐపీఎస్ పాడ్ పద్ధతిలో పంకా, దాన్ని తిప్పే గేర్ల యంత్రం కలిసి పడవ అడుగునే, బాగా వెనుక అమరుతాయి. దాంతో నడుము భాగం ఖాళీ అయింది. పడవ ఊగేటప్పుడు తక్కువ కదిలేది నడుమే కాబట్టి, అటు గోడ నుంచి ఇటు గోడ దాకా విస్తరించిన యజమాని గదిని అక్కడ పెట్టగలిగారు. నలభై ఐదు, యాభై అడుగుల పడవల్లో కూడా ఈ సౌకర్యం క్రమంగా మామూలైంది. అది రుచి చూసినవాళ్ళకు పదేళ్ళ ముందటి అదే పొడవు పడవ ఇరుకుగా తోస్తుంది.

ఈ మార్పు ఉచితంగా రాలేదు. నడుము గదికి పైన హాలు నేల ఉంటుంది కాబట్టి మంచం మీద తల ఎత్తడానికి కొన్ని పడవల్లో చోటు చాలదు. వెనక్కి తోసిన ఇంజన్ల చుట్టూ మెకానిక్ మోకాళ్ళ మీద పాకాల్సి వస్తుంది. నీళ్ళలో మునిగి ఉండే పాడ్ యంత్రానికి క్రమం తప్పని సర్వీసు కావాలి, వయసు మీరిన పడవలో ఆ ఖర్చు తేలిక కాదు. ఇక్కడే పాత హ్యాటరస్ 53 లాంటివి ఇంకా గౌరవం నిలుపుకొన్నాయి. జాక్ హార్‌గ్రేవ్ గీసిన ఆ పడవలో నడవకు ఇరుపక్కలా నడిచి వెళ్ళగల ఇంజను గదులు, వెనుక విశాలమైన యజమాని గది, ముందు అతిథుల గదులు ఉన్నాయి. పొడవు సరిపడా ఉన్నప్పుడు పాత పద్ధతి కూడా హుందాగా ఇమిడిపోతుంది. చిక్కంతా చిన్న పొడవులో ఎక్కువ గదులు కుక్కినప్పుడే. నలభై మూడు అడుగుల పడవలో మూడో గది అంటే తరచుగా ఒకదాని మీద ఒకటి రెండు బల్లలు, బట్టలు మార్చుకోవడానికి కూడా చాలని జాగా. ప్రకటనలో ఆరుగురు పడుకోవచ్చని రాస్తారు. ఏడాదిలో ఎక్కువ రాత్రులు పడుకునేది ఇద్దరే. ఆ ఇద్దరికీ రెండు వైపుల నుంచీ దిగడానికి వీలైన మంచం, తలుపు వేసుకుని స్నానం చేయగల చోటు కావాలి.

వంటగదిది కూడా ఇదే కథ. పాత పడవల్లో చాలావాటికి వంటగది మెట్లు దిగి గదుల పక్కన ఉండేది. హాలు విశాలంగా కనిపించేది గానీ వండేవాళ్ళు కిటికీ వెలుతురుకూ మాటలకూ దూరమయ్యేవారు. తర్వాత అది హాలు స్థాయికి ఎక్కింది. గత పదిహేనేళ్ళ పడవల్లో చాలావరకు వెనుక వసారాను ఆనుకుని, మధ్యలో జారుడు తలుపుతో వచ్చింది. లోపలివాళ్ళకూ బయటివాళ్ళకూ ఒకే చోటు నుంచి వడ్డించవచ్చు. కింద మిగిలిన జాగా ఒక గదిగానో, మంచి బాత్రూమ్‌గానో మారింది. ఎక్కువ రోజులు నీటి మీదే ఉండేవాళ్ళు మాత్రం గిన్నెలు జారకుండా మూడు వైపులా ఆసరా ఉండే పాత కింది వంటగదినే ఇష్టపడటం చూస్తాం. దుబాయ్ మెరీనాలో గంటల లెక్కన అద్దెకు తిరిగే యాట్లకు వంటగది, పడక గదులు రెండూ అంత ముఖ్యం కావు. వాటికి డెక్కు మీద చోటే రాబడి.

అమరికనే ముందు చూడాలన్న మాటకు, కొనే ముందు పడవను పరీక్షించే సర్వేయర్లు అభ్యంతరం చెప్పవచ్చు. హల్‌లోకి తేమ దిగిందా, ఇంజన్లు ఎన్ని గంటలు నడిచాయి, ట్యాంకులు కారుతున్నాయా అన్నవి తేలకుండా గదుల అందం చూడటం అమాయకత్వమని వారంటారు. సర్వే చేయించకుండా ఏ పడవా కొనకూడదు, అందులో రెండో మాట లేదు. కానీ ఏ పడవకు సర్వే చేయించాలో ముందు తేల్చేది అమరికే. పైగా ఇంజను లోపానికి ఒక బిల్లు ఉంటుంది. మరమ్మతుకు ఇంత అవుతుందని లెక్కగట్టి ఆ మేరకు ధర తగ్గించమని అడగవచ్చు. అమరిక లోపానికి బిల్లు లేదు. దాన్ని ప్రతి రాత్రీ ప్రతి ఉదయం భరించాల్సిందే. అమ్మే రోజున తర్వాతి కొనుగోలుదారుడూ అదే లోపాన్ని చూస్తాడు.

అమరిక వట్టి అభిరుచి, దానికి కొలతలేమిటని ఇంకొందరు అడుగుతారు. చాలా భాగానికి కొలతలు ఉన్నాయి. నిలబడితే తల తగులుతుందా, మంచం ఆరడుగుల మనిషికి చాలుతుందా, మెట్లు ఎంత నిటారుగా ఉన్నాయి, మంటలొస్తే పడక గది నుంచి బయటపడటానికి రెండో దారి ఉందా, జెనరేటర్ చప్పుడు తలగడ దాకా వస్తుందా అన్నవి టేపుతోనూ చెవితోనూ తేలే విషయాలు. కొద్దిపాటి మార్పులు చేసుకోవచ్చన్న మాటా నిజమే. రెండు విడి పడకలను జరిపి జోడించడం, బల్లల గదిని సామాన్ల గదిగానో పని గదిగానో వాడుకోవడం తేలిక. మంచాన్ని మార్చుకోగలం, మంచం ఉన్న చోటును మార్చలేం. ఆ తేడా తెలిసినవాళ్ళు మోసపోరు.

కాబట్టి పాత యాట్ కొనాలనుకునేవారు ఇంజను గది తలుపు తీసే ముందు ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకోవాలి: ఏడాదిలో ఎన్ని రాత్రులు పడవలో పడుకుంటారు, ఎంతమంది పడుకుంటారు, ఏ రకం రేవులో కడతారు. తర్వాత పడవ ఎక్కి ప్రతి మంచం మీద పడుకుని చూడాలి, ప్రతి బాత్రూమ్ తలుపు వేసుకుని చూడాలి, చేతిలో బరువుతో ప్రతి మెట్టూ ఎక్కి దిగాలి. కాగితానికీ గదులకూ పొత్తు కుదిరితేనే సర్వేయర్‌ను పిలవండి. కుదరకపోతే ధర ఎంత తగ్గినా ఆ పడవ మీది కాదు.